గది కావాలి: రొయ్యకున్న గోడ మనిషికి ఎందుకు లేదు?

వాడ లెక్కలు – 9



పోయిన వారం టిడ్కో ఇళ్ల మీద రాసిన దానికి రెండు రకాల స్పందనలొచ్చాయి. ఒకటి: "ఇల్లిస్తే ఎందుకిలా ఇచ్చారంటారు, ఇవ్వకపోతే ఎందుకివ్వలేదంటారు. అసలు మీకేం కావాలి?" రెండోది మన పిల్లల నుంచే వచ్చింది: "అన్నా, ఇళ్లూ గోడలూ రేకులూ ఏంటి? రాజ్యాధికారం గురించి రాయండి." రెండింటికీ నా దగ్గర ఒకటే జవాబుంది. మాకు గది కావాలి. పాత ఇంటి మీదో పక్కనో, ఉన్న వాడలోనే, ఉన్న ఊళ్లోనే, ఇంకొక్క గది. ఇది చిన్న మాటలా వినిపిస్తుందని తెలుసు. ఎందుకు చిన్నది కాదో ఈ భాగంలో చెప్తాను.

మా క్లాసులో ఒక అమ్మాయి ఉంది. రేపల్లె నుంచి రోజూ రైల్లో తెనాలి వస్తుంది. క్లాసులైపోయినా వరండాలో బల్ల మీద కూచునే ఉంటుంది. "రైలు పోతుందేమో కదమ్మా" అంటే, "ఇది పోయాక తర్వాతది ఎక్కుతా సార్" అంది. కావాలనే రైలు వదిలేస్తోంది. నాలుగు రోజులు అడిగితే గానీ సంగతి చెప్పలేదు. ఇంట్లో ఉన్నది ఒక్కటే గది. అన్నకి పెళ్లయింది. రాత్రి తొమ్మిదైతే ఆ గది అన్నావదినలది. అమ్మ, నాన్న, నాయనమ్మ, తను వసారాలో పడుకోవాలి. లైటు వేస్తే నాయనమ్మకి నిద్ర పట్టదు, వెయ్యకపోతే ఈ పిల్లకి చదువు లేదు. అందుకే మా కాలేజీ వరండా ఆ పిల్లకి రెండో గది అయింది.

ఈ కుటుంబానికి మన పథకాల్లో ఏముంది? పక్కా ఇల్లున్నట్టు కాగితాల్లో ఉంది కాబట్టి ఇంకో ఇల్లు రాదు. అన్నావదినలు వేరు కార్డు పెట్టుకుంటే ఊరికి దూరంగా లేఅవుట్లో సెంటు స్థలం రావచ్చు. 2020 డిసెంబరు 25న మొదలుపెట్టిన పంపిణీలో పట్టణాల్లో మనిషికి ఒక సెంటు, పల్లెల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటంటే 48.4 గజాలు, అంటే 435 చదరపు అడుగుల పైచిలుకు. తర్వాతొచ్చిన ప్రభుత్వం పట్టణంలో రెండు సెంట్లు, పల్లెలో మూడు అంది. అంకె మారింది గానీ ఆలోచన మారలేదు. ఊరి మధ్యలో ఉన్న వాడలో ఇరుకైతే, ఆ ఇరుకుని ఊరి బయటికి తోలెయ్యాలి. ఇదీ రెండు పార్టీల గృహనిర్మాణ సిద్ధాంతం. బస్సు లేని చోటుకి, బడి లేని చోటుకి, పొద్దున్నే పనికి పిలిచే మేస్త్రి అడ్డా లేని చోటుకి.

టిడ్కో ఇల్లు చూశారు కదా. 300 అడుగులు, 365, 430. మూడు వందల అడుగులది రూపాయికే ఇచ్చామని చెప్పుకున్నారు. ఆ ఇళ్లు షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి. అల్యూమినియం అచ్చుల్లో గోడా శ్లాబూ కలిపి ఒకేసారి కాంక్రీటు పోస్తారు. త్వరగా లేస్తాయి, గట్టిగానూ ఉంటాయి, నేను కాదనను. కానీ అందులో ప్రతి గోడా బరువు మోసే గోడే. ఒక్క గోడ కొట్టడానికి లేదు, కొత్త గుమ్మం పెట్టడానికి లేదు, పక్కకి పెంచడానికి లేదు. కుటుంబం పెరుగుతుంది, ఇల్లు మాత్రం ఎప్పటికీ పెరగదు. పేదోడి ఇల్లు పెరగకూడదని ముందే అచ్చు పోసి పెట్టారు.

ఇప్పుడు రొయ్య సంగతి.

రేపల్లె నుంచి నిజాంపట్నం వైపు వెళ్లండి. చెరువులు, ఐస్ ఫ్యాక్టరీలు, కోల్డ్ స్టోరేజీలు కనిపిస్తాయి. కోల్డ్ స్టోరేజీ గోడ ఎప్పుడైనా దగ్గర్నుంచి చూశారా? ఇటుక కాదు. రెండు పలచటి ఉక్కు రేకుల మధ్య గట్టి నురుగు నింపిన పలక. పఫ్ ప్యానెల్ అంటారు. ఫ్యాక్టరీలో తయారై లారీలో వస్తుంది. ఒకదాని అంచు ఇంకోదాని గాడిలో దూరి కూచుంటుంది. బయట రోహిణీ కార్తె ఎండ మండుతున్నా లోపల రొయ్య చల్లగా ఉంటుంది. కోల్డ్ స్టోరేజీలో మిరపకాయకీ రంగు పోకుండా చూసే గోడ దొరికింది. ఆ రొయ్యకి తలకాయ తీసి, తొక్క ఒలిచి, చేతులు పాచిపోయి సాయంత్రానికి ఇల్లు చేరే ఆడమనిషి మాత్రం సిమెంటు రేకుల కింద పడుకుంటుంది. మధ్యాహ్నం తాగిన వేడిని ఆ రేకు రాత్రి పన్నెండు దాకా కక్కుతూనే ఉంటుంది. పైగా ఆ రేకుల్లో ఉన్నది ఆస్బెస్టాస్. అన్ని రకాల ఆస్బెస్టాసూ కేన్సర్ కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. మన దేశం ఇంకా దిగుమతి చేసుకుంటూనే ఉంది.

అంటే ఈ నేల మీద తేలికైన, వేడిని ఆపే, త్వరగా బిగించే గోడ ఉంది. దాన్ని బిగించే మనుషులున్నారు. దాన్ని మోసుకొచ్చే లారీ మన వీధి చివర్నుంచే పోతుంది. అది రొయ్యకి అందింది, పెద్దవాళ్ల ఫామ్‌హౌస్‌కి అందింది, మేడ మీద ఆఫీసు గదికి అందింది, రిసార్టు కాటేజీకి అందింది. మన డాబా మీదికి మాత్రం రాలేదు. టెక్నాలజీకి కులం లేదని చెప్పే ఇంజినీరింగ్ మిత్రులు ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పాలి: మరి అది మన వాడ సందు ముందే ఎందుకు ఆగిపోతోంది?

నేను ఇంజినీర్ని కాను, తెలుగు చెప్పుకునేవాణ్ని. అయితే ఈ విషయంలో నేర్చుకోక తప్పలేదు. ఎందుకంటే తప్పు చేసిన వాళ్లలో నేనూ ఒకణ్ని. ఉద్యోగం వచ్చిన కొత్తలో మా కాలనీ ఇంటి మీద గది వేశాను. ఇటుక గోడలు, పైన శ్లాబు. అమ్మ ఎంతో సంబరపడింది. రెండు వానాకాలాలు గడిచేసరికి కింది గది మూల నుంచి కిటికీ దాకా గోడ నెర్రె ఇచ్చింది. రూపాయి బిళ్ల దూరేంత. గుమ్మం తలుపు పట్టేసి మూసుకోవడం మానేసింది. అప్పుడొక తాపీమేస్త్రి వచ్చి చూసి, "కింద ఏముందో చూడకుండా పైన ఇంత బరువు ఎట్లా పెట్టారు సార్?" అన్నాడు. డాక్టరేట్ ఉన్న నన్ను అడిగాడు. జవాబు లేదు.

కింద ఏముంది? తెనాలి, రేపల్లె చుట్టూ చాలా మేర నల్లరేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి బీటలిస్తుంది. మన పాత కాలనీ ఇళ్లకి పునాది లోతు తక్కువ. పిల్లర్లు లేవు, గోడలే బరువు మోస్తాయి. నాలుగంగుళాల శ్లాబులో చువ్వ తుప్పు పట్టి పెచ్చులూడుతూ ఉంటుంది. బాపట్ల వైపు ఉప్పుగాలి ఆ తుప్పుని ఇంకా తొందర చేస్తుంది. దాని మీద పదడుగులకి పదడుగుల గది తొమ్మిదంగుళాల ఇటుక గోడతో, శ్లాబుతో కడితే పదహారు, పదిహేడు టన్నులు. గోడని నాలుగున్నర అంగుళాలకి తగ్గించినా పది టన్నులకి తక్కువ ఉండదు. అదే గదిని ఉక్కు ఫ్రేము మీద, రెండంగుళాల ఫైబర్ సిమెంటు పలకలతో, పైన వేడి ఆపే కప్పుతో బిగిస్తే రెండు టన్నులు, కాస్త అటూ ఇటూ. లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. ఘనపు మీటరు ఇటుక పనికి సుమారు 1,900 కిలోలు, కాంక్రీటుకి 2,500, ఆ పలక చదరపు మీటరుకి 40 కిలోల దగ్గర.

పదికి రెండు. మన పాత ఇళ్లు ఆ రెండు మోస్తాయి, ఆ పది మొయ్యలేవు. ఇది నా వాదనకి పునాది. ముందే తయారుచేసి తెచ్చి బిగించే గది పెద్దవాళ్లకి ఒక సరదా. ఇంటికి ఇంకో అంతస్తు మొయ్యగల పునాది ఉన్నవాళ్లకి అది లేకపోయినా గడుస్తుంది. నిజంగా దాని అవసరం ఉన్నది బలహీనమైన పునాది మీద బతుకుతున్న మనకి. పైగా ఇటుకలు, ఇసుక, కంకర దించడానికి మన సందుల్లో చోటుండదు. నెలల తరబడి సెంట్రింగ్ కర్రల కింద పిల్లలతో కాపురం ఉండలేం. కూలి మానుకుని ఇల్లు కట్టుకుంటూ కూచోలేం. పలకల గది ముక్కలు ముక్కలుగా మనుషులే మోసుకెళ్లి కొద్ది రోజుల్లో బిగించెయ్యగలరు.

ఇక్కడ "సస్టెయినబుల్" అనే మాట గురించి కూడా ఒక ముక్క. ఈ మధ్య సెమినార్లలో ఇది తెగ వినిపిస్తోంది. పాత తలుపు తెచ్చి కొత్త ఇంటికి పెట్టారట, పాత పెంకులు వాడారట, రైలు పట్టాల ముక్కని దూలంగా వేశారట. ఫోటోలు, అవార్డులు. మా అమ్మమ్మ ఇంటి తలుపు ఎవరో దొరల ఇల్లు కూల్చినప్పుడు కొన్నది. కిటికీ ఊచలు పాత ఇనుప కొట్లో తూకానికి తెచ్చినవి. మూడు తరాలుగా మన వాడ అంతా చేసింది ఇదే. మనం చేస్తే మురికివాడ, వాళ్లు చేస్తే పర్యావరణ స్పృహ. ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడులో ఏడెనిమిది శాతం సిమెంటు తయారీ నుంచే వస్తుందంటారు. ఆ సిమెంటులో మన వాటా ఎంత? నాలుగంగుళాల శ్లాబు! బట్టీల్లో ఇటుక కాల్చే పని ఎవరిది? ఒడిశా నుంచి అప్పు మీద వచ్చిన ఆదివాసీలది, దళితులది. ఉన్న ఇంటిని కూల్చకుండా, ఊరు దాటించకుండా, దాని మీదే ఒక గది పెంచడం కన్నా పర్యావరణానికి మేలు చేసే గృహనిర్మాణం ఇంకేముంది? కానీ దీనికి శంకుస్థాపన ఫోటో రాదు. అదే దీనికున్న లోపం.

శంకుస్థాపనలంటే గుర్తొచ్చింది. 2021 జనవరి 1న ప్రధాని ఆరు నగరాల్లో లైట్ హౌస్ ప్రాజెక్టులకి పునాదిరాయి వేశారు. ఇండోర్, రాజ్‌కోట్, చెన్నై, రాంచీ, అగర్తలా, లక్నో. ఒక్కో చోట ఒక్కో పద్ధతి. ఇండోర్‌లో శాండ్‌విచ్ పలకలు, అగర్తలాలో తేలికపాటి ఉక్కు చట్రం, రాంచీలో గదికి గదినే కాంక్రీటుతో పోసి తెచ్చి పేర్చడం. మంచిదే. కానీ ఆరింటికి ఆరూ ఖాళీ స్థలంలో కొత్త అపార్టుమెంట్లే. పాత ఇంటికి ఒక గది కలిపి చూపించిన ప్రయోగం అందులో ఒక్కటీ లేదు. కొత్త టెక్నాలజీ అంతా కొత్త లేఅవుటుకే. పాత వాడకి పాత రేకే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 2015 నాటి పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో సొంత స్థలంలో ఇల్లు కట్టుకునే విభాగం పేరులోనే "పెంపు" అనే మాట ఉండేది. ఉన్న ఇంటికి కనీసం 9 చదరపు మీటర్ల గది కలుపుకుంటే కేంద్రం లక్షన్నర దాకా సాయం చెయ్యాలి. కలిపాక మొత్తం ఇల్లు 21 చదరపు మీటర్లకి తగ్గకూడదు, 30కి మించకూడదు. తొమ్మిది చదరపు మీటర్లంటే దాదాపు పదడుగులకి పదడుగుల గది. సరిగ్గా ఆ రేపల్లె పిల్లకి కావలసిన గది! మీ వాడలో ఎంతమందికి ఈ సంగతి ఎవరైనా చెప్పారు? నాకు తెలిసిన వాడల్లో ఎవరూ చెప్పలేదు. 2024 సెప్టెంబరులో అదే పథకం రెండో రూపంలో వచ్చింది. ఆ విభాగం పేరులోంచి "పెంపు" పోయింది. ఒక్క ధర్నా జరగలేదు. ఉందని తెలియనిది పోతే ఎవడు ఏడుస్తాడు?

ఇప్పుడు మనవాళ్ల అభ్యంతరాలకి వస్తాను. వీటిని తేలిగ్గా తీసుకోను.

మొదటిది పరువు. తెనాలిలో నాకు తెలిసిన వెల్డరు తమ్ముడొకడున్నాడు, మన వాడే. ఫ్రేము గురించి అడిగితే వాడన్న మాట ఇది: "చెయ్యడం ఎంతసేపన్నా? కానీ పెద్దోళ్లు ఒప్పుకోరు. రేకుల గది వేస్తే పిల్లనెవరిస్తారంటారు." ఆ పెద్దోళ్ల మాట వెనక చరిత్ర ఉంది. మన తాతలు గుడిసెల్లో బతికారు. బోయి భీమన్న గారి "గుడిసెలు కాలిపోతున్నై" కావ్యానికి 1975లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. ఆ పుస్తకం పేరు చాలు, మన ఇంటి చరిత్ర తెలియడానికి. కాలని ఇల్లు కావాలనేది మన జాతి కల. అందుకే మన అమ్మానాన్నలకి శ్లాబంటే ఇంటికప్పు మాత్రమే కాదు, గుడిసె నుంచి బయటపడ్డామని చెప్పే సాక్ష్యం. ఆ కలని నేను ఎగతాళి చెయ్యను. నేనూ ఆ పరువు కోసమే పది టన్నులు తెచ్చి మా అమ్మ నెత్తిన పెట్టాను. కానీ తమ్ముళ్లారా, పరువు గోడ మందంలో లేదు. చదువుకునే పిల్లకి తలుపేసుకునే గది ఉండటంలో ఉంది. పెళ్లయిన జంట పెద్దవాళ్లు నిద్రపోయేదాకా వీధిలో కూచోనక్కర్లేకపోవడంలో ఉంది.

రెండోది ఎండా తుపానూ. ఇది నిజమైన భయం. ఒంటి రేకు గది కొలిమి. పాత షిప్పింగ్ కంటెయినర్ తెచ్చి కిటికీ కోసి ఇల్లనేవాళ్ల మాట నమ్మకండి, మన ఎండకి అది ఇనప పెట్టె. కప్పులో వేడి ఆపే పొర ఉండాలి, దాని కింద గాలి తిరిగే ఖాళీ ఉండాలి, పైన తెల్లరంగు ఉండాలి, ఎదురెదురు కిటికీలు ఉండాలి. పఫ్ నురుగుకి నిప్పంటుకుంటుంది. మనుషులుండే గదికి, అందులోనూ పొయ్యి దగ్గర, రాతి ఉన్ని నింపిన పలకో ఫైబర్ సిమెంటు పలకో వాడాలి. రొయ్యకి సరిపోయిందల్లా మనిషికి సరిపోదు. తుపాను సంగతి చూస్తే, మిగ్‌జామ్ 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. మన తీరంలో కట్టడాలని సెకనుకి 50 మీటర్ల గాలికి, అంటే గంటకి 180 కిలోమీటర్లకి తట్టుకునేలా లెక్కగట్టాలని ప్రమాణాలు చెప్తున్నాయి. శ్లాబు ఇల్లు దాని బరువుతోనే నిలబడుతుంది. తేలిక గది బోల్టుతో నిలబడాలి. అడుగు ప్లేటు శ్లాబు నడిమధ్యలో కాదు, కింద గోడ ఉన్న చోట కూచోవాలి. కింద గోడ నమ్మకంగా లేకపోతే నేల నుంచే విడిగా స్తంభాలు లేపాలి. కప్పు ఫ్రేముకి, ఫ్రేము పునాదికి విడకుండా పట్టు ఉండాలి. ఉప్పుగాలికి మామూలు బాక్సు పైపు లోపల్నుంచి తింటుంది, జింకు పూత ఉన్నదే కావాలి. ఇవన్నీ తెలిసిన ఇంజినీరు సంతకం కావాలి. అంటే నేను అడుగుతున్నది రేకుల షెడ్డు కాదు. షెడ్డుకి ఇంజినీరు రాడు. మన ఇంటికీ ఇంజినీరు రావాలని అడుగుతున్నాను. ఇదీ రాజకీయమే.

మూడో అభ్యంతరం అన్నింటికన్నా పెద్దది. "బోల్టు విప్పితే పోయే గదిని మనకి అలవాటు చేస్తే, రేపు మనల్నే విప్పి అవతల పారేస్తారు కదన్నా?" ఒక పాత ఉద్యమకారుడు అడిగాడు. న్యాయమైన ప్రశ్న. కాలవ కట్టల మీద ఉన్న మనవాళ్ల ఇళ్లకి "తాత్కాలికం" అనే ముద్ర ఎంత ప్రమాదమో మనకి తెలుసు. ఇంటికి పట్టా ఉండదు, ఇంటిపైన మాత్రం ప్లాస్టిక్ పట్టా ఉంటుంది. ఇల్లు తేలికైతే బుల్డోజరు పని తేలికవుతుంది. అందుకే నా షరతు ముందే చెప్తున్నా. నేల హక్కుకి బదులుగా ఈ గది తీసుకోకూడదు. హక్కు ఉన్నచోట దాన్ని గట్టి చేసుకోవడానికి తీసుకోవాలి. లేనిచోట ముందు పట్టా, తర్వాతే బోల్టు. మున్సిపాలిటీ రికార్డులో ఈ గది పక్కా గదిగానే ఎక్కాలి, ఇంటి యజమానురాలి పేరు మీదే ఎక్కాలి.

ఉన్న ఊళ్లోనే ఉండటం గురించి ఎందుకింత పట్టు అంటే చెప్తాను. 2022 ఏప్రిల్ 4న బాపట్ల జిల్లా పుట్టింది. ఆ ఒక్క జిల్లాలోనే కారంచేడూ ఉంది, చుండూరూ ఉంది. 1985 జులై 17న కారంచేడు మాదిగలు ప్రాణాలరచేత పట్టుకుని చీరాల పరుగెత్తారు. 1991 ఆగస్టు 6 తర్వాత చుండూరు మాలలు తెనాలి శిబిరాల్లో తలదాచుకున్నారు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కోర్టు ఇవ్వని భద్రత మనకి కొంతైనా ఇచ్చింది పట్నం. పల్లెని నమ్మొద్దని బాబాసాహెబ్ రాజ్యాంగ సభలోనే చెప్పాడు. పట్నంలో మన వాడ అంటే రైల్వేస్టేషనుకి నడిచి వెళ్లగలిగే దూరం, పిల్ల ఒక్కతే కాలేజీకి పోగల దూరం, గొడవైతే పదిమంది వచ్చే దూరం. ఆ దూరాన్ని మనం రక్తం పెట్టి కొనుక్కున్నాం. ఇరుకు పేరుతో దాన్ని మన చేతుల్లోంచి లాక్కోవడానికి లేఅవుటు వస్తోంది. పాత ఇంటి మీద కొత్త గది అంటే, ఇక్కణ్నుంచి కదలం అని చెప్పడం.

రాజ్యాధికారం గురించి రాయమన్న తమ్ముడికి ఇప్పుడు జవాబు. బాబాసాహెబ్ కుర్రాడిగా బొంబాయి పరేల్‌లో కార్మికుల చాల్‌లో ఒకే గదిలో ఉన్నాడు. ఇల్లంతా అందులోనే. చోటు లేక ముందు కొడుకు నిద్రపోయేవాడు, తండ్రి రాంజీ మేలుకుని ఉండి రాత్రి రెండింటికి కొడుకుని చదువుకి లేపి, ఆ చోటులో తను పడుకునేవాడు. ఆ కొడుకే పెద్దయ్యాక 1930లలో దాదర్‌లో రాజగృహ కట్టించుకున్నాడు. ఎందుకు? ప్రధానంగా పుస్తకాల కోసం. చదువుకి చోటు లేని బతుకు ఎలా ఉంటుందో తెలిసినవాడు చేసిన పని అది. మనం ఆయన విగ్రహం పెట్టడానికి చోటు కోసం కొట్లాడతాం, కొట్లాడాలి కూడా. ఆయన పుస్తకం తెరిచి చదవడానికి చోటు కోసం ఎప్పుడు కొట్లాడాం? మన తెనాలి శిల్పులు ఇనుప తుక్కుతో నాయకుల నిలువెత్తు విగ్రహాలు చేసి పేరు తెచ్చుకున్నారు. నట్లూ బోల్టులూ గొలుసులూ అతికించి మనిషి ముఖం తెప్పించగల చేతులున్న ఊరిది. అలాంటి ఊళ్లో ఒక పిల్ల చదువుకునే గదికి ఫ్రేము చేసేవాడు దొరకడా?

మనం ఏం అడగాలి?

ఒకటి. పథకంలో "పెంపు" తిరిగి రావాలి. కేంద్రం ఇవ్వకపోతే రాష్ట్రం ఇవ్వాలి. డబ్బెక్కడిదంటారా? 2013లో ఎస్సీ ఉప ప్రణాళిక చట్టం వచ్చింది, 2023 జనవరిలో దాన్ని ఇంకో పదేళ్లు పొడిగించారు. మన వాటా నిధుల్ని అందరికీ వేసే రోడ్ల పద్దులో రాసుకోవడం మాని, వాడలో గదుల మీద పెట్టమందాం.

రెండు. మన పాత కాలనీ ఇళ్లకి మున్సిపాలిటీ ఖర్చుతో పునాది, శ్లాబు పరీక్ష జరగాలి. ఏ ఇల్లు ఎంత బరువు మోస్తుందో కాగితం మీద రాసివ్వాలి.

మూడు. వందడుగుల లోపు తేలిక గదికి ప్లాను మంజూరు సులువు చెయ్యాలి. డి-ఫారం పట్టా ఉన్నా చాలనాలి. నాలుగైదు నమూనా డిజైన్లు తుపాను గాలికి లెక్కగట్టి, ఉచితంగా ఇవ్వాలి.

నాలుగు. ఆ గదులు తయారుచేసే షెడ్లు మన పిల్లలవే కావాలి. ఐటీఐలో వెల్డింగ్, ఫిట్టింగ్ నేర్చుకుని మనవాళ్లు ఊళ్లు పట్టుకుని పోతున్నారు. ఎక్కడి కంపెనీకో టెండరిచ్చి మన వాడలో పలకలు దించితే, ఇల్లు మనది, లాభం వాళ్లది అవుతుంది. ఎస్సీ కార్పొరేషన్ రుణం బర్రెలకీ ఆటోలకీ ఇచ్చినట్టే ఈ షెడ్డుకీ ఇవ్వాలి.

విద్యార్థి మిత్రులకి ఒక పని. తెనాలి, బాపట్ల, రేపల్లెలో ఉన్న మీరు, మీ వాడలో ఇరవై ఇళ్లు తిరగండి. మూడు ప్రశ్నలడగండి. ఇంట్లో మనుషులెంతమంది? గదులెన్ని? చదువుకునే పిల్లలు రాత్రి ఎక్కడ కూచుంటారు? ఫోటోలొద్దు, పేర్లొద్దు, మన ఆడవాళ్ల ఇళ్లలోపలి సంగతి బజారున పెట్టొద్దు. లెక్క చాలు. బాపట్ల ఇంజినీరింగ్ పిల్లలూ, మీకు ఇంకో పని. సుత్తి తీసుకుని మీ ఇంటి శ్లాబు మీద కొట్టి వినండి. డొల్లగా మోగిన చోట సుద్దతో గీత గియ్యండి. ఆ గీతలు ఎన్నున్నాయో మీ ప్రొఫెసర్‌కి చూపించి, "సార్, మా ప్రాజెక్టు ఇదే" అనండి. ఆ లెక్కలన్నీ పట్టుకుని మూడు మున్సిపాలిటీలకీ వెళ్దాం.

ఆ రేపల్లె అమ్మాయి నిన్న కూడా ఆఖరి గంట దాకా వరండాలోనే ఉంది. వాచ్‌మన్ వచ్చి లైట్లార్పే టైమైందన్నాడు. ఇంకో అరగంట ఉంచమని చెప్పి నేనూ కూచున్నాను. ఒక పిల్ల చదువు ఒక వాచ్‌మన్ మంచితనం మీద, ఒక మేష్టారి ఓపిక మీద ఆధారపడకూడదు. దానికి ఒక గది ఉండాలి, ఆ గదికి తలుపుండాలి, లైటు ఎప్పుడు ఆర్పాలో ఆ పిల్లే చెప్పాలి.

వచ్చే భాగంలో: డి-ఫారం పట్టా పట్టుకుని బ్యాంకుకి వెళ్తే ఏమంటారు?

జై భీమ్.